పులికాట్ నుంచి కౌండిన్య దాకా: పరిశ్రమల నీటి వాడకం, వన్యప్రాణి ఆవాసాలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వన్యప్రాణుల కోసం ప్రభుత్వం కేటాయించిన ప్రాంతాలకూ, వాటి చుట్టూ పెరుగుతున్న పరిశ్రమలకూ మధ్య తగాదా ఎక్కువగా నీటి దగ్గరే వస్తుంది. పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు, శేషాచలం కొండలు, పలమనేరు–కుప్పం మధ్యనున్న కౌండిన్య అడవి అన్నీ గెజిట్ ప్రకటనలతో, సర్వే హద్దులతో రక్షణ పొందినవే. వాటికి నీరు మాత్రం చాలావరకు ఆ హద్దుల బయట పుట్టి, ఇతరుల చేతుల మీదుగా వస్తుంది. అటవీశాఖ కంచె వేయగలదు, కాపలా పెట్టగలదు. ఎగువన ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ బోరు ఎంత తోడాలో చెప్పే అధికారం దానికి లేదు.

రాయలసీమకు సముద్రం లేదన్న మాట 2022 ఏప్రిల్ 4 దాకా నిజం. ఆ రోజు నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట ప్రాంతాలు కొత్త తిరుపతి జిల్లాలో కలిశాయి. సీమ జిల్లాకు తీరం వచ్చింది. తీరంతో పాటు దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తర్వాత పెద్దదైన పులికాట్ వచ్చింది, దాని చిక్కులూ వచ్చాయి.

సరస్సుకు నీరు వచ్చే దారి

పులికాట్ విస్తీర్ణం కాలాన్ని బట్టి, పోటుపాటులను బట్టి సుమారు 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల మధ్య మారుతుంది. అందులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోనూ ఉంది. ఆంధ్ర వైపు భాగాన్ని 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. తూర్పున సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి గోడలా నిలబడి ఉంటుంది. సముద్రపు నీరు లోపలికి రావాలన్నా, వరదనీరు బయటికి పోవాలన్నా ముఖద్వారాలే దిక్కు. ఉత్తరాన రాయదొరువు, తూపిలిపాళెం వైపు దారులు, దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గరి దారి ముఖ్యమైనవి.

మంచినీరు పడమటి నుంచి వస్తుంది. కాళంగి నది సూళ్లూరుపేట పక్కనుంచి వచ్చి సరస్సులో కలుస్తుంది. ఆరణి నది చిత్తూరు సీమ కొండల్లో పుట్టి, పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ జలాశయంలో ఆగి, ఊత్తుకోట మీదుగా తమిళనాడులోకి వెళ్లి దక్షిణం వైపు నుంచి చేరుతుంది. వీటికి తోడు ఎన్నో వాగులు, చెరువుల మిగులు కాలువలు ఉన్నాయి. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి సరస్సుకు ఉత్తరాన నేరుగా సముద్రంలో కలుస్తుంది. ఈ నదులేవీ జీవనదులు కావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఇచ్చినదే వాటి సంపాదన.

ఆ మూడు నెలల వరద రెండు పనులు చేస్తుంది. సరస్సులో ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. బయటికి పోయే ఊపులో ముఖద్వారంలో మేటవేసిన ఇసుకను తోసుకుపోతుంది. వరద బలం తగ్గితే ఇసుక అక్కడే ఉండిపోతుంది, దారి మూసుకుపోతుంది. అప్పుడు సరస్సుకు నదీ అందదు, సముద్రమూ అందదు. సముద్రంలో గుడ్డు విడిచిన రొయ్యపిల్ల లోపలికి వచ్చి పెరగడానికి తోవ ఉండదు. వేసవిలో మిగిలిన నీరు ఆవిరై, ఉప్పు సముద్రపు నీటిని మించిపోతుంది. కాబట్టి ఎగువన ఒక వాగుకు అడ్డుకట్ట వేసినప్పుడు పోయేది ఆ వాగు నీరు మాత్రమే అనుకుంటే పొరపాటు. దిగువన ముఖద్వారాన్ని తెరిచి ఉంచే బలం కూడా అంతమేరకు పోతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును రెండుగా కోసింది. 1971లో తొలి రాకెట్ ఎగిరిన అంతరిక్ష కేంద్రానికి ఆ రోడ్డే ఆయువుపట్టు. అటకానితిప్ప దాకా రోడ్డుకు రెండు వైపులా శీతాకాలంలో ఫ్లెమింగోలు మోకాళ్ల లోతు నీటిలో తలకిందులుగా ముక్కు పెట్టి బురదను వడగడుతూ కనిపిస్తాయి. మే నెలకు రోడ్డుకు ఉత్తరాన చాలాచోట్ల నీరే ఉండదు. పగుళ్లిచ్చిన బురదనేల మీద పశువులు తిరుగుతుంటాయి. దీవి మాత్రం అంతరిక్ష కేంద్రం కట్టుబాట్ల పుణ్యమా అని అడవిని నిలుపుకొంది. ఒకే సంస్థ రాక వల్ల చెట్టుకు మేలు, నీటి ప్రవాహానికి అడ్డంకి జరగడం ఈ ప్రాంతపు విచిత్రాల్లో ఒకటి.

నేలపట్టు

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రం 458.92 హెక్టార్లు. పులికాట్‌తో పోలిస్తే పిడికెడు చోటు. గూడబాతులు గుడ్లు పెట్టే స్థలాల్లో దక్షిణ భారతదేశంలో పేరున్న వాటిలో ఇదొకటి. చెరువులో నీటిలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్లకంకణాలు గూళ్లు కడతాయి. వానలు మొదలయ్యాక అక్టోబరులో వచ్చి, పిల్లలకు రెక్కలు వచ్చాక మార్చి ప్రాంతంలో వెళతాయి.

చెట్టు ఉంటే చాలదు, చెట్టు మొదట్లో నీరు ఉండాలి. నక్క, కుక్క, అడవిపిల్లి గూటి దరికి రాకుండా ఆపేది ఆ నీరే. జనవరికే చెరువు అడుగంటితే, కింద పడిన పిల్లకు దిక్కులేదు. ఒక్కొక్క ఏడు వానలు సరిగా లేకపోతే పక్షులు గూడు కట్టడమే తగ్గిస్తాయి. తిండి మాత్రం ఇక్కడ సరిపోదు. గూడబాతు పొద్దున లేచి పులికాట్‌కు ఎగిరి వెళ్లి, చేపలు పట్టుకుని తిరిగివస్తుంది. అంటే నేలపట్టులో గూడు నిలవాలంటే రెండు చోట్ల నీరు బాగుండాలి: చెరువులో మంచినీరు, సరస్సులో చేపలున్న ఉప్పునీరు. మ్యాపు మీద ఈ రెండూ వేర్వేరు అభయారణ్యాలు. పక్షికి మాత్రం రెండూ ఒకే ఇల్లు.

ఊరివాళ్లకు ఈ పక్షులతో పాత స్నేహం ఉంది. రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువని రైతుల నమ్మకం. అందులో నిజమూ ఉంది. పక్షిని కాపాడే పనికి ఇంతకంటే గట్టి కారణం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఇవ్వలేదు.

రొయ్యల గుంటలు, 1996 తీర్పు

ఈ ప్రాంతంలో పరిశ్రమ నీటితో తలపడిన మొదటి పెద్ద ఘట్టం పొగగొట్టాల వల్ల రాలేదు, రొయ్యల వల్ల వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్యల సాగు ఊపందుకుంది. వరిచేను గుంట అయింది, ఉప్పుమడి గుంట అయింది. చిన్న రైతు నుంచి పెద్ద కంపెనీ దాకా అందరూ దిగారు.

రొయ్యల గుంట నీటిని వాడే తీరు విచిత్రంగా ఉంటుంది. ఏటి నుంచో సరస్సు నుంచో ఉప్పునీటిని మోటార్లతో తోడతారు. అది మరీ ఉప్పగా ఉంటే బోరు నీరు కలిపి పలుచన చేస్తారు. మేత, రెట్ట కలిసి నీరు చెడుతుంది కనుక కొంత తీసేసి కొత్త నీరు పెడుతూ ఉండాలి. పట్టుబడి అయ్యాక గుంట మొత్తం ఖాళీ చేస్తారు. మిగిలిన మేత, మందులు, అడుగు బురద కలిసిన ఆ నీరు కాలువలోకి, అక్కణ్నుంచి మళ్లీ అదే ఏటికో సరస్సుకో పోతుంది. గుంటలో నిలవున్న ఉప్పునీరు నెమ్మదిగా భూమిలోకి ఇంకుతుంది. పక్క చేను చౌడు తేలుతుంది, ఊరి బావి ఉప్పుబడుతుంది. పైనుంచి మంచినీటిని తోడేయడం, కిందికి ఉప్పునీటిని దించడం ఒకే చోట జరిగే సాగు ఇది. దీని దెబ్బ మొదట తగిలింది తాగునీటికి బిందె పట్టుకుని నడిచే ఆడవాళ్లకు.

గాంధేయవాది, గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ చేత కోర్టు తీరాన్ని పరిశీలింపజేసింది. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు ఇచ్చారు. రొయ్యల సాగును మామూలు వ్యవసాయంగా కాక పరిశ్రమగా లెక్కగట్టడం ఆ తీర్పుకు మూలం. తీరప్రాంత నియంత్రణ మండలిలో సంప్రదాయేతర రొయ్యల గుంటలు ఉండరాదన్నారు. చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల గుంటలు తవ్వరాదన్నారు. పులికాట్ పేరుతో పాటు ఎదురపట్టు, నేలపట్టు పక్షి కేంద్రాల పేర్లు కూడా ఆ తీర్పులో ఉన్నాయి. పర్యావరణానికి జరిగిన నష్టం ఈ సాగు తెచ్చే ఆదాయం కంటే ఎక్కువని కోర్టు తేల్చింది; చెడగొట్టినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది.

దేశపు అత్యున్నత న్యాయస్థానం దొరవారిసత్రం పక్కనున్న ఒక చెరువు పేరెత్తి, దాని చుట్టూ కిలోమీటరు గీత గీయడం చిన్న విషయం కాదు. తీర్పు మీద పునఃసమీక్ష పిటిషన్లు పడ్డాయి, గుంటల కూల్చివేతకు అడ్డు పడింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, లైసెన్సు పద్ధతి తెచ్చి, తీరప్రాంత నియంత్రణ నిబంధనల దెబ్బ ఈ సాగుకు తగలకుండా చూసింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చింది. తక్కువ ఉప్పులోనూ పెరగగలగడం దాని ప్రత్యేకత. ఆ గుణం వల్ల రొయ్యల సాగు తీరం వదిలి లోపలి నేలలకు, బోరు నీటికి పాకింది. సరస్సు అంచు నుంచి కిలోమీటరు కొలిచే నిబంధన భూగర్భంలోని నీటి కదలికను కొలవలేదు. తీర్పులోని బలహీనత అంటూ ఉంటే అదే.

సెజ్‌లు

పులికాట్‌కు పడమట, తమిళనాడు సరిహద్దును ఆనుకుని సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో శ్రీసిటీ మొదలైంది. రెండు వందలకు పైగా కంపెనీలు వచ్చాయి. ఇసుజు కార్లు, డైకిన్ ఏసీలు, క్యాడ్‌బరీ చాక్లెట్లు అక్కడే తయారవుతాయి. తడ దగ్గర మాంబట్టు, నాయుడుపేట దగ్గర మేనకూరు సెజ్‌లు ఉన్నాయి. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి–ఏర్పేడు ప్రాంతాన్ని ఒక ప్రధాన కేంద్రంగా గుర్తించారు. చెన్నై రేవులు పక్కనే ఉండటం, జాతీయ రహదారి, చదునైన మెట్టభూములు ఇందుకు కారణాలు. సెజ్ వచ్చాక ఊళ్లలో జీతాలొచ్చాయి, ఆడపిల్లలు బస్సెక్కి షిఫ్టు డ్యూటీకి వెళ్తున్నారు. ఈ లాభాన్ని కాదని నీటి గురించి మాట్లాడటం అన్యాయం.

కార్ల ఫ్యాక్టరీలో రంగు వేసేముందు లోహాన్ని కడగడానికి, ఎలక్ట్రానిక్స్‌లో భాగాలు కడగడానికి, తిండి పదార్థాల కర్మాగారంలో యంత్రాలు శుభ్రం చేయడానికి నీరు కావాలి. అన్నిచోట్లా కూలింగ్ టవర్లకు కావాలి. కూలింగ్ టవర్‌లో నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి. కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదిలి కొత్త నీరు పోయాలి. ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన అతిశుద్ధ జలం తయారుచేసేటప్పుడు కూడా ఒక వంతు నీరు ఉప్పుగా మారి పక్కకు పోతుంది. విషపదార్థం ఒక్క చుక్క కలవకపోయినా, శుద్ధి చేసి వదిలినా, ఈ నీరు మొదట తీసుకున్న నీరు కాదు. అసలు వదలకుండా అంతా లోపలే తిప్పుకుంటే కాలుష్యం ఉండదు, కానీ వాగుకు తిరిగి వచ్చేదీ ఏమీ ఉండదు.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది నేల రూపం మారడం. ఈ మెట్టభూముల్లో వాననీరు గొలుసు చెరువుల మీదుగా, వంకల మీదుగా మెల్లగా తూర్పుకు జారేది. సిమెంటు, తారు, రేకుల కప్పులు పరిచాక అదే వాన ఒక్క ఉదుటున పారిపోతుంది లేదా ఆవరణలోని కుంటల్లో ఆగిపోతుంది. పారిశ్రామికవాడ తన ఆవరణలో కురిసిన వానను తానే పట్టుకుని వాడుకుంటే అది మెచ్చుకోదగ్గ పనిగా చెబుతారు. బోరు తోడటం కంటే అది మేలే. సరస్సు వైపు నుంచి చూస్తే మాత్రం అది కూడా రాకుండా పోయిన నీరే.

ఈ ప్రాంతంలో నీటి లెక్క ఎలా రాస్తారో తెలుగుగంగ చూపిస్తుంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీటిని చెన్నై దాహానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు ప్రాజెక్టు ఒప్పందం చేసుకున్నాయి. కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువ ఆంధ్ర నేల మీద నడిచి ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటుతుంది. 1996లో నీరు పూండి జలాశయానికి చేరింది. మొత్తం 15 టీఎంసీల్లో దారిలో ఆవిరికి, ఇంకుడుకు 3 తీసేసి 12 ఇవ్వాలని లెక్క. ఎండకు ఆవిరయ్యే నీటికి కూడా ఆ ఒప్పందంలో ఒక పద్దు ఉంది. చెన్నైకి పద్దు ఉంది, దారిలోని ఆయకట్టుకు, ఊళ్లకు తెలుగుగంగ పథకంలో పద్దులున్నాయి. పరిశ్రమలు వచ్చాక వాటి కేటాయింపులూ వచ్చాయి. పులికాట్ అనే పద్దు లేదు. కృష్ణా నీరు పులికాట్‌కు సహజంగా రావలసింది కాదు, నిజమే. కాళంగి, ఆరణి నీరు మాత్రం దాని సొంతం. అక్కడా ఆ పద్దు కనిపించదు.

ఆరణి దిగువన ఒక హెచ్చరిక

పిచ్చాటూరు దాటిన ఆరణి నది చివర ఏం జరిగిందో చూస్తే పరిశ్రమ, భూగర్భజలం, సముద్రం మధ్య లంకె తేటగా తెలుస్తుంది. పులికాట్‌కు దక్షిణాన ఆరణి, కొసస్థలైయార్ నదుల ఒండ్రు నేలల్లో మీంజూరు బావుల క్షేత్రం ఉంది. 1960ల చివరి నుంచి చెన్నై నగరానికి, మణలి ఎరువుల, పెట్రోకెమికల్ కర్మాగారాలకు అక్కణ్నుంచి నీరు తోడారు. రైతులూ తోడారు. మంచినీటి ఒత్తిడి తగ్గగానే సముద్రం నేల అడుగునుంచి లోపలికి జరిగింది. 1969లో తీరం నుంచి దాదాపు 3 కిలోమీటర్ల దూరాన ఉన్న ఉప్పు 1987 నాటికి 9 కిలోమీటర్ల దాకా చొచ్చుకువచ్చింది. 2010లో అదే మీంజూరు పక్కన కాట్టుపల్లిలో రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం పెట్టారు. ఊరికే ఇచ్చిన మంచినీటిని ఉప్పు చేసుకుని, ఉప్పునీటిని కరెంటు ఖర్చుతో మంచినీరుగా కొనుక్కున్నట్టయింది. సూళ్లూరుపేట, తడ మండలాల నేల కూడా అదే రకం తీరపు ఇసుక, ఒండ్రు.

కొండలు, పడమటి మండలాలు

శేషాచలం కథ వేరు. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, 2010లో ప్రకటించిన 4,755 చదరపు కిలోమీటర్ల జీవావరణ రిజర్వు ఎర్రచందనానికి, బంగారు బల్లికి, తలకోన జలపాతానికి నెలవు. ఈ కొండల నీటిని తోడేది ఫ్యాక్టరీ కాదు, యాత్ర. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు తిరుమల భక్తుల కోసం కట్టినవే. ఇవి నిండని ఏడు కింది నుంచి, కల్యాణి డ్యాం నుంచి నీరు ఎక్కించవలసి వస్తుంది.

చిత్తూరు జిల్లాలో 1990లో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం 357 చదరపు కిలోమీటర్లు. సుమారు రెండు వందల ఏళ్ల విరామం తర్వాత 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగుల కోసమే దాన్ని ఏర్పాటు చేశారు. కౌండిన్య, కైగల్ ఏర్లు ఎండితే ఏనుగులు చెరుకు, మామిడి తోటల వైపు, చెరువుల వైపు దిగుతాయి. కుప్పం, శాంతిపురం ప్రాంతాల గ్రానైట్ క్వారీలు, కోత యూనిట్లు ఈ ఒత్తిడికి తోడయ్యాయి. రాయి కోసే రంపాన్ని చల్లబరచడానికి, పాలిష్‌కు నీరు నిరంతరం పారాలి. బయటికి వచ్చే తెల్లటి రాతిబురదను ఎక్కడో పోయాలి, అది వంకలో ఆరితే వాన ఇంకదు. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలు రెండు మూడు నెలల సీజనులో విపరీతంగా నీరు వాడి పుల్లటి వ్యర్థజలాన్ని వదులుతాయి. ఆ నెలలు వేసవి కరువు తీరీతీరని రోజులే కావడం దాని ఇబ్బంది.

పునరుద్ధరణ, చట్టం

పులికాట్ బాగుకోసం తరచు వినిపించే మాట ముఖద్వారాల పూడికతీత. రాయదొరువు దగ్గర ఇసుక తీయాలని మత్స్యకారులు ఏళ్లతరబడి అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక, వాళ్ల వలకు చేప దొరకాలంటే తప్పదు కూడా. అయితే యంత్రంతో తెరిచిన దారిని వరదే తెరిచి ఉంచాలి. వరద తగ్గిన సరస్సుకు పూడికతీత మళ్లీ మళ్లీ చేయవలసిన ఖర్చు అవుతుంది. నేలపట్టులో కడప మొక్కలు నాటడం, చెరువు పూడిక తీయడం, సర్కారు తుమ్మ కొట్టేయడం కూడా అంతే. వీటిలో ఏదీ నీటికి బదులు కాదు. సూళ్లూరుపేటలో 2001 నుంచి జరుపుతున్న ఫ్లెమింగో పండుగ జనానికి పక్షిని చూపించింది, నీటి లెక్క చూపించలేదు.

ఒడిశా ఇంకొంచెం ముందుకు వెళ్లింది. చిలికా కోసం 1991లో ప్రత్యేక సంస్థ పెట్టింది, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వించింది. ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టిక నుంచి 2002లో చిలికా బయటపడింది. అక్కడివాళ్లు సముద్రపు దారితో ఆగలేదు. మహానది మీది నారాజ్ బరాజ్ నుంచి సరస్సుకు ఏ కాలంలో ఎంత నీరు పోవాలన్నది కూడా అధ్యయనం చేయించారు.

మన చట్టంలో ఇందుకు చోటు లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ 2002 సవరణ తర్వాత, అభయారణ్యంలోకి వచ్చే నీటి ప్రవాహాన్ని గానీ బయటికి పోయే ప్రవాహాన్ని గానీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా మళ్లించరాదు, ఆపరాదు, పెంచరాదు అంటుంది. జాతీయ పార్కులకు 35వ సెక్షన్‌లో అదే మాట ఉంది. ఆరణియార్ జలాశయం ఆ సవరణకు దశాబ్దాల ముందే కట్టినది. సరిహద్దు రాయికి ముప్పై నలభై కిలోమీటర్ల ఎగువన వాగును మళ్లిస్తే అది ‘అభయారణ్యంలోకి వచ్చే ప్రవాహం’ కిందికి వస్తుందా అన్నది సెక్షన్ విడమరిచి చెప్పదు. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లను నియంత్రిస్తుంది. దాని దృష్టి తాగునీటి బావుల మీద, పొరుగు బోర్ల మీద ఉంటుంది.

పరిశ్రమ వైపు నుంచి చేయగలిగిన పనికి ఉదాహరణ శ్రీకాళహస్తి మండలంలోనే ఉంది. రాచగున్నేరి ఇనుప పైపుల కర్మాగారం తిరుపతి మురుగునీటిని శుద్ధి చేయించి, గొట్టాల ద్వారా తెచ్చుకుని తన అవసరాలకు వాడుకునే పద్ధతి పెట్టుకుంది. లక్షలాది యాత్రికులు వచ్చిపోయే ఊరిలో మురుగుకు కరువు లేదు. ఏ కాలంలోనైనా ఒకే మోతాదులో దొరికే నీరు ఈ జిల్లాలో అదొక్కటే. స్వర్ణముఖిలోకి పోవలసిన మురికి తగ్గుతుంది, బోరు మీద భారమూ తగ్గుతుంది. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు పట్టణాల మురుగుకు పక్కనే మేనకూరు, మాంబట్టు, శ్రీసిటీ ఉన్నాయి. వాటి మధ్య గొట్టం వేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది పురపాలక సంఘం, పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ, కంపెనీలు తేల్చుకోవలసిన బేరం. అలా మిగిలిన కాళంగి నీటిని మరో కేటాయింపుకు రాసేయకుండా సరస్సుకు వదిలే ఉత్తర్వు మాత్రం జలవనరుల శాఖ చేతిలో ఉంది.